ఆ సీలు ఇంకా తీయకు

చిరంజీవి చిన్నాకు అత్తయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అట, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 310 అట. ఎవరూ చెప్పకుండానే వెళ్లి పరీక్షలు చేయించుకున్నావనీ, పొద్దున్నే లేచి నడుస్తున్నావనీ విని ఎంత సంబరపడ్డానో! ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. డాక్టర్ రాసిన కొలెస్ట్రాల్ మందు స్టాటిన్ వద్దని నాలుగు రకాల సప్లిమెంట్ల బాటిళ్లు తెప్పించావట. రాత్రంతా నిద్ర పట్టలేదురా.

నడక మానకు, తీపి తగ్గించు, మద్యం జోలికి పోకు. బరువు 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ వాపు కూడా తగ్గుతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది నా సంగతి. అప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి, మేమూ ఎవరికీ చెప్పుకోలేదు. నాకూ ఇదే ఫ్యాటీ లివర్, ఇవే కొవ్వులు. స్టాటిన్ లివర్‌ను పాడుచేస్తుందని ఎవరో అంటే నమ్మి, డాక్టర్‌కు చెప్పకుండా మానేశాను. బదులుగా నియాసిన్ మొదలుపెట్టాను. బి3 విటమినే కదా, విటమిన్ ఏం చేస్తుందిలే అనుకున్నాను. మామూలు రకం వేసుకుంటే మొహం ఎర్రబడి మండేది. అందుకని నెమ్మదిగా కరిగే రకానికి మారాను. మంట పోయింది. లివర్‌కు ఎక్కువ ముప్పు ఆ రకంతోనే అని నాకేం తెలుసు? రోజుకు ఒక 500 మిల్లీగ్రాముల మాత్రతో మొదలెట్టి, నాలుగు చేసి, చివరికి ఆరు దాకా వెళ్లాను.

మూడు నెలలకు రిపోర్ట్ వచ్చింది. ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయి, కొలెస్ట్రాల్ మరీ తగ్గింది. ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి మీ మామయ్యకు చూపించాను. లివర్ పరీక్ష మాత్రం చేయించుకోలేదు. అప్పటికే అరచేతులు దురద పెడుతున్నాయి, చర్మం పొడిబారిందనుకున్నాను. ఆకలి చచ్చిపోయింది, బరువు తగ్గడానికి మంచిదేలే అనుకున్నాను. ఒకరోజు కిటికీ దగ్గర తల దువ్వుకుంటుంటే మీ మామయ్య నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి, కింది రెప్ప లాగి చూశారు. తెల్లగుడ్డు పచ్చగా ఉంది. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు, చెప్పులు వేసుకున్నారు.

పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అక్కడ డాక్టరమ్మ నా రిపోర్ట్ చూసి చెప్పింది: ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువగా తయారుచేసేదే లివర్, అది దెబ్బతింటే తయారీ కూడా పడిపోతుంది. లివర్ మచ్చలుపడి గట్టిపడే సిర్రోసిస్ ముదిరినవాళ్లలోనూ కొలెస్ట్రాల్ అలాగే తగ్గిపోతుందట. నేను సున్నా చుట్టుకున్న అంకె అదీ! అందుకే చెబుతున్నా, కొవ్వుల పరీక్ష (లిపిడ్ ప్రొఫైల్) చేయించిన ప్రతిసారీ లివర్ పరీక్ష (ఎల్‌ఎఫ్‌టీ) కూడా చేయించు. ఒకటి లేకుండా రెండోది చూసి మురిసిపోవద్దు.

మీ అమ్మ నీ బాటిళ్ల పేర్లు చదివి వినిపించింది. చేపనూనె ట్రైగ్లిజరైడ్స్ తగ్గిస్తుంది, కాదనను. కానీ అందుకు డాక్టర్ రాసే మోతాదు రోజుకు 4 గ్రాముల దాకా ఉంటుంది. మామూలు 1000 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో అసలు ఒమేగా-3 చాలాసార్లు 300 మిల్లీగ్రాములే. విటమిన్ ఇ కొందరికి లివర్ వాపు కోసం డాక్టర్లే రాస్తారు, రక్తంలో కొవ్వుల కోసం కాదు. గ్రీన్ టీ సారం మాత్రం వద్దు. కప్పులో తాగే టీ వేరు, క్యాప్సూల్‌లో కుక్కిన సారం వేరు. ఆ సారంలోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు చేరితే లివర్ ఎంజైములు పెరగవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. ఇక రెడ్ ఈస్ట్ రైస్, అదే ఎర్ర ఈస్ట్‌తో పులియబెట్టిన బియ్యం! అందులో పనిచేసే మొనాకొలిన్ కె, లోవాస్టాటిన్ అనే స్టాటిన్ మందు ఒకటేరా. స్టాటిన్ వద్దని చెప్పి, ఎంత ఉందో తెలియని స్టాటిన్ మింగుతావా?

కోప్పడుతున్నానని అనుకోకు నాన్నా. నేనూ నీలాగే భయపడ్డాను. ఫ్యాటీ లివర్ ఉన్నా, అది మరీ ముదరనంతవరకు స్టాటిన్ వాడుకోవచ్చని ఆ డాక్టరమ్మే నాకు మళ్లీ రాసింది. మనలాంటివాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండె జబ్బేనట. ఇప్పటికీ వేసుకుంటున్నాను.

బాటిళ్లు నాలుగూ సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. ఒక్కటి కూడా దాచకు. మూత్రం ముదురు రంగులోకి మారినా, దురద మొదలైనా ఆ రోజే వెళ్లు. వెళ్లే రోజు నాకు ఫోన్ చెయ్యి, బయట కూర్చున్నంతసేపూ లైన్‌లో ఉంటాను. నీ కళ్లు కూడా ఒకసారి వీడియోలో చూపించు, కిటికీ దగ్గర నిలబడి.

ప్రేమతో,
అత్తయ్య