ఏఐ ఏజెంటు వాడే ‘నోట్ సృష్టించు’ టూల్‌కు వివరణ ఎలా రాయాలి?

మన తరఫున పనులు చేసే ఏఐ ప్రోగ్రామే ఏజెంటు, అది పిలిచి పని చేయించుకునే సాధనమే టూల్. అలాంటి ఒక టూల్‌కు మీరు రాసుకున్న వివరణ ఒక్క వాక్యమే అనుకుందాం: “ఇది నోట్ సృష్టిస్తుంది.” మనిషికైతే చాలు, మిగతాది తెర మీద బటన్లు చూసి గ్రహిస్తాడు. ఏజెంటుకు ఆ వీలు లేదు. ఏఐ సంస్థ ఆంత్రోపిక్ 2024 నవంబరులో విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో (ఏఐని బయటి టూల్స్‌తో కలిపే ఉమ్మడి నియమావళి) అయితే ఏజెంటు ముఖ్యంగా ఆధారపడేది మూడింటి మీద: టూల్ పేరు, వివరణ, జేసన్ స్కీమాలో (డేటా ఏ రూపంలో ఉండాలో చెప్పే నమూనా) ఇచ్చిన ఇన్‌పుట్‌ల వివరాలు. అందుకని ఇలా రాసి చూడండి:

“కొత్త నోట్ రాయడానికి మాత్రమే. ఉన్నదాన్ని మార్చాలంటే ‘నోట్ సవరించు’ వాడాలి. శీర్షిక తప్పనిసరి, 120 అక్షరాలు దాటకూడదు. విషయం మార్క్‌డౌన్‌లో ఉండాలి. ఫోల్డర్ ఇవ్వకపోతే ‘ఇన్‌బాక్స్’లో చేరుతుంది. అదే శీర్షికతో మళ్లీ పిలిస్తే రెండో నోట్ తయారవుతుంది.”

(మార్క్‌డౌన్ అంటే #, * వంటి గుర్తులతో శీర్షికలు, జాబితాలు చూపే సాదా రాత పద్ధతి.) చాలామంది వదిలేసేది ఈ వివరణలోని చివరి వాక్యాన్నే. నెట్‌వర్క్ మందగించి జవాబు రాకపోతే ఏజెంటు మళ్లీ ప్రయత్నిస్తుంది. తెల్లారేసరికి ‘పాలవాడి లెక్క’ పేరుతో నాలుగు నోట్లు! మళ్లీ పిలిచినా అదనపు ఫలితం ఉండదని చెప్పే సూచిక ఒకటి ప్రోటోకాల్‌లో ఉంది గానీ, అది సూచన మాత్రమే, హామీ కాదు. నకళ్లను టూల్‌ను నడిపే సర్వర్‌లోనే ఆపడం మేలు.

లోప సందేశాలు కూడా వివరణలో భాగమే అనుకోండి. “చెల్లని ఇన్‌పుట్” అంటే ఏజెంటు చీకట్లో తడుముకుంటుంది. “‘వంటలు’ ఫోల్డర్ లేదు, ఉన్నవి: ఇల్లు, ఆఫీసు” అంటే తనే సరిదిద్దుకోగలదు. పని విజయవంతమైతే కొత్త నోట్ ఐడీని తిరిగి ఇవ్వండి, తర్వాత సవరించడానికి అదే ఆధారం.