నాన్నని ఇంటికి తెచ్చే ముందు

అమ్మా స్వాతీ,

నాన్నని ఎల్లుండి డిశ్చార్జి చేయించి, మిగతా వైద్యం ఇంట్లోనే చేయిస్తున్నారని అల్లుడుగారు ఫోన్లో చెప్పారు. అప్పట్నుంచి ఒకపక్క దడ, ఇంకోపక్క గర్వం. సూది పేరెత్తితే మంచం కింద దూరే పిల్లవి, ఇల్లే వార్డు చేస్తానంటున్నావు. వద్దనను. గుంటూరు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసినన్నాళ్ళూ చూశాను, పెద్దవాళ్ళు రాత్రిళ్ళు ఎక్కడున్నామో తెలీక సెలైన్ పీకేసుకునేవాళ్ళు. సొంత మంచం, తెలిసిన మొహాలు ఉంటే ఆ కలవరం తగ్గుతుంది.

రాత్రి ఫోన్ ఎత్తే డాక్టరెవరో పేరుతో సహా రాయించుకో. చేతికి మందు ఎక్కించడానికి పెట్టే సన్న గొట్టం, కాన్యులా, దాని చుట్టూ ఎర్రబడినా, ఉబ్బినా ఆ చేతికి మందు ఎక్కించనివ్వకు. వాడిన సూదులు గట్టి డబ్బాలో వెయ్యాలి. ఇన్సూరెన్సువాళ్ళని ఇప్పుడే అడుగు, ఇంటి వైద్యం కవరున్నా చాలా పాలసీలు ఆయాసం జబ్బుల్ని అందులోంచి తీసేస్తాయి. గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే కాన్సంట్రేటర్ కరెంటుతో నడిచేది కదా, పక్కన నిండు ఆక్సిజన్ సిలిండర్ ఉండాల్సిందే. బి టైపుది 1,500 లీటర్లు, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. దాన్ని తిప్పే కీ దానికే కట్టి ఉంచు. కరెంటు పోయాక చీకట్లో వెతుక్కునే వస్తువు కాదది.

ఇప్పుడు అసలు మాట. మీ మావయ్యగారి అన్నయ్యకీ నాన్నకున్న సీఓపీడీయే, ఊపిరితిత్తులు ఏళ్ళతరబడి పాడై ఆయాసం తెచ్చే జబ్బు. ఆయన్నీ ఇలాగే ఇంటికి తెచ్చారు. రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలని డాక్టరు చీటీలో రాశాడు. ఆ చీటీ ఫైల్లోనే ఉండిపోయింది. రాత్రి ఆక్సిజన్ చూపించే వేలి మిషన్లో 89 చూసి వాళ్ళబ్బాయి కంగారుపడి నాబ్ తిప్పి, నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్‌ని 5 చేశాడు. అంకె 97కి ఎక్కింది. ఆయన గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఇన్నాళ్ళకి కంటినిండా నిద్రపట్టిందని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. తెల్లారి కాఫీకి లేపితే లేవడు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది, వేళ్ళు ఉండుండి జెర్కులిస్తున్నాయి. మిషన్లో అప్పటికీ 97 వెలుగుతూనే ఉంది!

ఏళ్ళతరబడి పాడైన ఊపిరితిత్తులకి అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే బొగ్గుపులుసు వాయువు బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. అదే మత్తు. వేలి మిషన్ ఆ వాయువుని చూపించదు. 108లో ఆసుపత్రికి చేర్చి, ఊపిరాడటానికి గాలిని ఒత్తిడితో పంపే బైపాప్ మాస్కు పెట్టి ఎలాగో బతికించారు. ఆ అబ్బాయిని తప్పుపట్టలేం, తండ్రి మీద ప్రేమతోనే తిప్పాడు. అందుకే నీ గురించి ఇంత భయం నాకు. నీకూ ప్రేమ ఎక్కువే.

డాక్టర్ని అడక్కుండా ఆ నాబ్ ముట్టుకోవద్దు, ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు. 88 కంటే దిగితే నువ్వు తిప్పకు, ఫోన్ చెయ్యి. 88–92 అని పెద్దక్షరాలతో రాసి కాన్సంట్రేటర్‌కే అంటించు. రాత్రి మధ్యమధ్యలో నాన్నని లేపి పేరు చెప్పించు. విసుక్కుంటే మంచిదే, తిడితే మరీ మంచిది. విసుక్కోకుండా మాట ముద్దగా వస్తున్నా, పొద్దున్నే తలనొప్పి అంటున్నా ఆలస్యం చెయ్యకు.

మీ అమ్మకి కోపమొచ్చినా సరే, ఆ గదిలో దీపం, అగరుబత్తి వద్దు. ఆక్సిజన్ తనంతట అంటుకోదు గానీ నిప్పు తగిలితే భగ్గుమనిపిస్తుంది. ముక్కు పొడిబారిందని వాజిలిన్ రాయకు. నాన్న దిండు గలీబులో సిగరెట్ పెట్టె ఉందేమో చూడు. చిన్నప్పట్నుంచీ వాడు దాచేది అక్కడే, అక్కని నాకు తెలీదూ.

నువ్వు తింటున్నావా? రాత్రంతా కూర్చుని పగలు ఆఫీసు పని చేస్తానంటే ఊరుకోను. ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా. వచ్చాక రాత్రి డ్యూటీ నాది, నువ్వు పడుకోవాల్సిందే.

మీ పెద్దత్త