నీ పట్టికలో ఇంకో గడి

చిన్నా,

షుగర్ మందులన్నీ పక్కపక్కన రాసుకుని, దేనితో ఎంత దిగుతుందో పట్టిక వేశావట. అది పట్టుకెళ్లి డాక్టరుగారిని మందు మార్చమని అడుగుతావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో ఒకడైనా చదివి మరీ బిళ్ల మింగుతున్నాడని పొంగిపోయాను. నిద్ర మాత్రం పట్టలేదు. మెడికల్ వార్డులో నర్సుగా చేసినదాన్ని, షుగర్ ఒక్కటే చూసుకునేవాళ్లంటే నాకు హడలు.

నడక, తిండి, వేళకి మందు నీకు తెలిసినవే. సిగరెట్ మానేశానన్నావు, మళ్లీ ముట్టుకోకు.

మీ పెదనాన్న సంగతి నీకు పూర్తిగా తెలీదు. హెడ్మాస్టరు కదా, రోజూ పరగడుపు షుగర్ ఎర్ర సిరాతో నోటుబుక్కులో రాసేవారు. కాస్త పెరిగితే ఆ పూట పెరుగన్నం బంద్. ఇంటికొచ్చినవాళ్లకి ఆ పుస్తకం చూపించి మురిసిపోయేవారు. బీపీ బిళ్ల మాత్రం మానేశారు. ‘తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, షుగర్ చెప్పినట్టు వింటోంది, ఇంకెందుకే?’ అనేవారు. వార్డులో అందరి బీపీ చూసి వచ్చేదాన్ని, ఇంట్లో ఆయన చెయ్యి ఇచ్చేవారు కాదు. ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు కుడిచేతిలోంచి జారింది. ఏదో అనబోతే మాట ముద్దైపోయింది. ఆ పూట షుగర్ 108. తరవాత కూడా రాశారు, ఎడమచేత్తో, వంకరటింకరగా. ఆ అంకెలంటే నాకు ఒళ్లు మండేది. మనిషి మీద కోపం రాలేదురా, పాపం.

అప్పటికే బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అనే పెద్ద పరిశీలన ఫలితాలు 1998లో వచ్చేశాయి. షుగరూ బీపీ రెండూ ఉన్నవాళ్లలో బీపీ సగటున 144/82కి దించిన జట్టుకి, 154/87 దగ్గర ఉన్న జట్టు కన్నా పక్షవాతం 44 శాతం తక్కువ. కళ్లకీ కిడ్నీలకీ వచ్చే జబ్బులూ తగ్గాయి.

అందుకే ‘ఎంత దిగుతుంది’ పక్కన ‘దేన్ని కాపాడుతుంది’ అని ఇంకో గడి గీసుకో. మెట్‌ఫార్మిన్ పాతదని తీసిపారెయ్యకు. ఆ పరిశీలనలోనే లావుపాటి వాళ్లలో గుండెపోట్లు తగ్గించింది. గ్లిమెపిరైడ్ చవక, షుగర్ బాగా దించుతుంది, కానీ అన్నం ఆలస్యమైతే లో షుగర్ చేస్తుంది. నీ డ్యూటీలకి అది నాకిష్టం లేదు. ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి షుగర్‌ని మూత్రంలో పంపేస్తాయి. అంకె మరీ దించకపోయినా గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మేలు. 2025లో పేటెంట్ అయిపోయాక మన దేశంలో ధరా దిగింది. వాంతులైనా, ఉపవాసమైనా అది ఆపాలేమో డాక్టరుగారిని ముందే అడిగి ఉంచు. కిడ్నీల సంగతి తెలియడానికి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష, ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష, కొలెస్ట్రాల్ బిళ్ల కావాలో వద్దో కూడా అడుగు.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె ఆరు శాతం లోపుకి తెస్తానని పంతం పట్టావట. అమెరికా, కెనడాల్లో అకార్డ్ అనే పరిశీలనలో అలాగే గట్టిగా దించబోతే చావులు పెరిగాయి, 2008లో ఆ భాగం ఆపేశారు. వాళ్లు నీకన్నా పెద్దవాళ్లు, గుండెకి ముప్పున్నవాళ్లు. నీకెంత ఉండాలో డాక్టరుగారు చెబుతారు, పంతం నా దగ్గర పట్టుకో.

ఆవకాయ జాడీ పంపమన్నావట. పంపను, అంతా ఉప్పే. చిన్న సీసా ఇస్తాను, అదీ నీ బీపీ ఎంతుందో ఫోన్లో చెప్పాకే.

మీ పెద్దమ్మ