టెక్ సందేహాలు: నీటి అడుగున ఏ లైటు?

ప్రశ్న: రాత్రి డైవింగ్ మొదలుపెట్టాను. నీటి అడుగున వీడియోలూ తీయాలని ఉంది. హెడ్ (వెలుగునిచ్చే ముందుభాగం), బ్యాటరీ విడివిడిగా మార్చుకునే రీఛార్జబుల్ ఎల్‌ఈడీ లైటు కొనమంటున్నారు. నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీఎక్స్8 రేటింగు ఉన్న మామూలు టార్చ్ చాలదా?

చాలదు. ఐపీఎక్స్8 అంటే తయారీదారు చెప్పిన లోతులో, చెప్పినంతసేపు ఉంచితే నీరు చొరబడదని మాత్రమే. ఆ లోతు రెండు మీటర్లే కావచ్చు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ దాదాపు ఒక బార్, అంటే ఉపరితలం మీది గాలి ఒత్తిడంత, ఒత్తిడి పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర అది ఉపరితలం మీదికి నాలుగింతలు. డైవింగ్ కోసమే తయారుచేసిన లైటే తీసుకోండి.

మీరు చెప్పినట్టు హెడ్ మార్చుకునే (మాడ్యులర్) లైటు మీకు బాగా పనికొస్తుంది. దారి చూసుకోవడానికి, తోటి డైవర్‌కు సైగ చేయడానికి సన్నటి కిరణం కావాలి. నీరు మురికిగా ఉంటే వెడల్పు వెలుగు రేణువుల మీద పడి మన కళ్లకే కొడుతుంది. వీడియోకు మాత్రం 100 డిగ్రీలకు పైగా పరుచుకునే వెలుగే కావాలి. ఎరుపు రంగును నీరు కొద్ది మీటర్లలోనే మింగేస్తుంది కాబట్టి, వీడియో హెడ్‌కు ల్యూమెన్లతో (వెలుగు ఎంతో చెప్పే కొలత) పాటు సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సూచీ) కూడా చూడండి. 90 దాటితే రంగులు సహజంగా వస్తాయి.

అయితే, విప్పి బిగించే ప్రతి అతుకూ నీటికి ఒక దారే. కొనేముందు నేను మొదట చూడమనేది అక్కడే. ఒక్కో అతుకుకు రెండేసి ఓ-రింగులు (నీటిని ఆపే రబ్బరు లాంటి వలయాలు) ఉన్నవాటినే ఎంచుకోండి. హెడ్ మార్చే పని డైవ్‌కు ముందు, పొడి చోట పూర్తిచేసుకోండి. పడవ మీద తడి చేతులతో అస్సలు వద్దు. ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు రింగు కింద ఇరుక్కున్నా చాలు, లోపలికి నీరు వచ్చేస్తుంది. గ్రీజు పల్చగా, రింగు మెరిసేంత మాత్రమే రాయాలి. రింగు సిలికాన్‌ది అయితే సిలికాన్ గ్రీజు రాయకూడదు, ఉబ్బిపోతుంది. డైవ్ అయ్యాక లైటు విప్పకుండానే మంచినీళ్లలో నానబెట్టి, పూర్తిగా ఆరాకే తెరవండి.

లోపలికి ఉప్పునీరు చేరిందనిపిస్తే ఛార్జింగ్ పెట్టవద్దు. లిథియం సెల్ నుంచి వాయువు వెలువడి లోపల ఒత్తిడి పెరిగి ఉండొచ్చు. మూత మీ ముఖం వైపు గానీ, పక్కవారి వైపు గానీ లేకుండా చూసుకుని మెల్లగా విప్పండి. ఇంకో మాట: లైటు ఎంత మంచిదైనా, రాత్రి డైవ్‌కు రెండోది చిన్నదైనా వెంట ఉండాల్సిందే.

ప్రశ్న: లైటు పెట్టె మీద రన్‌టైమ్ రెండు గంటలని ఉంది. గంటకే వెలుగు బాగా తగ్గుతోంది. బ్యాటరీ పోయిందా?

పోయిందని చెప్పలేం. టార్చ్‌లను కొలవడానికి చాలా కంపెనీలు పాటించే ఎఫ్ఎల్1 ప్రమాణంలో, మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా గడిచే సమయాన్నే రన్‌టైమ్‌గా లెక్కిస్తారు. పూర్తి వెలుగు ఎంతసేపు నిలుస్తుందో ఆ అంకె చెప్పదు. వెలుగు తగ్గే తీరును గ్రాఫ్‌గా చూపే తయారీదారును నమ్మండి. ఒడ్డున ఎక్కువ మోడ్‌లో వెలిగించి పరీక్షించకండి. ఈ లైట్లను చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే.

ప్రశ్న: విమానంలో లైటుకు అదనపు లిథియం సెల్స్ తీసుకెళ్లొచ్చా?

క్యాబిన్ బ్యాగులోనే, చెక్‌ఇన్‌లో కాదు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 3.6 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ల 21700 సెల్ (21700 అన్నది సెల్ సైజు పేరు) అంటే 18. సాధారణ పరిమితి 100 కాబట్టి చిక్కులేదు. ఒక్కో సెల్‌నూ విడి ప్లాస్టిక్ కేసులో పెట్టండి. లైటులోంచి కూడా సెల్ తీసేయండి, బ్యాగులో పొరపాటున స్విచ్ పడితే వేడెక్కుతుంది.