ఆటగది: జెనిచిరో దగ్గర ఆగిపోయినవాళ్లకి

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ మూడో సంవత్సరం. సంక్రాంతి సెలవుల్లో 'సెకిరో' అనే వీడియో గేమ్ మొదలుపెట్టాను. గుర్రం మీద వచ్చే గ్యోబును ఎలాగోలా దాటాను కానీ కోట పైన జెనిచిరో దగ్గర కదలడం లేదు. వెనక్కి పరిగెత్తి, అతను కొట్టడం ఆపగానే ఒక దెబ్బ వేసి మళ్లీ పరిగెడుతున్నాను. అతని రక్తం సగానికి వచ్చేసరికి నేను పోతున్నాను. నా రిఫ్లెక్సులే బాగాలేవేమో. ఆట తీసేయమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తీసేయకు తమ్ముడూ. నీ చేతులకేం కాలేదు. ఆ పరుగే నీ కొంప ముంచుతోంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 'సెకిరో: షాడోస్ డై ట్వైస్' 2019 మార్చి 22న విడుదలైంది. తయారుచేసింది జపాన్‌కి చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్, దర్శకుడు 'డార్క్ సోల్స్' చేసిన హిదెతాకా మియజాకి. సెంగోకు యుద్ధాల కాలం, అషీనా అనే కల్పిత రాజ్యం. మనం ఒంటిచేతి షినోబీ, అంటే నింజా. తెగిన చేతి చోట ఒక కట్టుడు చెయ్యి ఉంటుంది, దాన్లో టపాసులు, గొడ్డలి లాంటివి అమర్చుకోవచ్చు. మొదట్లోనే ఆ చెయ్యి నరికినవాడు ఈ జెనిచిరో. కాబట్టి అతని మీద కసి ఉండటంలో తప్పు లేదు.

ఇప్పుడు నీ సంగతి. ఇతర ఆటల్లో శత్రువు రక్తం అయిపోతే చస్తాడు. ఇక్కడ రక్తంతో పాటు పోస్చర్ అని ఇంకో గీత ఉంది. తెర పైన మధ్యలో పసుపు రంగులో పెరుగుతూ ఉంటుంది చూడు, అదే. అది నిండితే శత్రువు నిలదొక్కుకోలేక పడతాడు, ఎర్ర చుక్క వెలుగుతుంది, ఒక్క పోటుతో ఒక ప్రాణం పోతుంది (జెనిచిరోలాంటివాళ్లకి ఒకటికి మించి ఉంటాయి). అతని రక్తం ఎంత మిగిలి ఉన్నా సరే. నువ్వు దూరంగా పరిగెత్తినప్పుడల్లా ఆ గీత మళ్లీ తగ్గిపోతుంది. అంటే నువ్వు చెమటోడ్చి నింపినదాన్ని నువ్వే ఖాళీ చేయిస్తున్నావు. రక్తం నిండుగా ఉన్నప్పుడు అతని పోస్చర్ త్వరగా కోలుకుంటుంది, రక్తం తగ్గేకొద్దీ కోలుకోవడం నెమ్మదిస్తుంది. అందుకే మొదట్లో నాలుగు దెబ్బలు ఒంటికి తగిలించి, తర్వాత మీద మీదకి వెళ్లాలి. కత్తికి అందేంత దగ్గరలో నిలబడు. అక్కడ ఉండటానికి భయం వేస్తుంది, వెయ్యనీ.

దగ్గర నిలబడితే చావనా అంటావు. డిఫ్లెక్ట్ ఉంది కదా. అతని కత్తి నిన్ను తాకబోయే క్షణంలో గార్డ్ బటన్ నొక్కాలి. కోలాటం ఆడినవాళ్లకి ఇది చప్పున అందుతుంది: ఎదుటి కర్ర ఎక్కడికి వస్తోందో అక్కడికి నీ కర్ర వెళ్లాలి, ముందే వెళితే గాలికి, ఆలస్యమైతే వేళ్లకి. కంగారులో ఆ బటన్‌ని టకటకా నొక్కేస్తున్నావని నా అనుమానం. అలా నొక్కేకొద్దీ సరైన డిఫ్లెక్ట్‌కి ఉన్న సమయాన్ని ఆట తగ్గించేస్తుంది. ఒక్కో దెబ్బకి ఒక్కసారే, వదిలి మళ్లీ నొక్కు.

చెవులు కూడా వాడు. సరిగ్గా పడిన డిఫ్లెక్ట్‌కి 'ఖణేల్'మని పదునైన మోత, పెద్ద నిప్పురవ్వ. ఆలస్యంగా అడ్డుపెడితే మొద్దు శబ్దం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ తేడా వింటే తెర మీద ఏ గీతనీ చూడక్కర్లేదు. ఇంకో రహస్యం: నీ పోస్చర్ నిండిపోయి కూడా, సరైన డిఫ్లెక్ట్ పడితే నీ నిలకడ విరగదు. తెలియక చాలామంది అక్కడే వెనక్కి దూకి ప్రాణం మీదకి తెచ్చుకుంటారు. ఊపిరి తీసుకోవాలంటే గార్డ్ బటన్ పట్టుకుని నిలబడు, నీ పోస్చర్ వేగంగా తగ్గుతుంది.

ఇక ఎర్ర జపాన్ అక్షరం. అది నెత్తి మీద మెరిస్తే మామూలుగా అడ్డుపెట్టి కూర్చోకూడదని హెచ్చరిక. పొడవడానికి వస్తే మికిరి కౌంటర్, అంటే అతని వైపే అడుగు వేస్తూ డాడ్జ్ (తప్పుకునే) బటన్ నొక్కి కత్తిని కాలితో తొక్కడం. కాళ్ల కింద తిప్పితే ఎగురు. పట్టుకోవడానికి వస్తే పక్కకి తప్పుకో. జెనిచిరో గాల్లోకి ఎగిరి కత్తితో దిగుతాడు, గుర్తుందా? ఆ వెంటనే పోటో, కింది వేటో ఏదో ఒకటి వేస్తాడు. నువ్వు అక్షరం చూడగానే ఎగిరిపోతున్నావేమో. అక్షరం ఒకటే, దాని వెనక వచ్చే దెబ్బలు వేరు. అక్షరాన్ని వదిలేసి అతని భుజాన్ని, కత్తి కొనని చూడు. కొన నీ వైపు తిరిగితే పోటు, ఒళ్లు కిందికి వంగితే కింది వేటు. మికిరి నేర్చుకోకుండా అక్కడికి వెళ్లి ఉంటే మాత్రం ముందు ఆ స్కిల్ కొనుక్కో. పాడుబడ్డ గుడి బయట హన్‌బేయ్ అనే చావులేని మనిషి ఉంటాడు, నీ సాధన కోసమే ఉన్నాడు. అతని మీద ఎంతసేపైనా ప్రయోగాలు చేసుకో, పాపం ఏమీ అనడు.

దూరంగా వెళ్లి సొరబుర్రలోని మందు తాగుదామనుకుంటే జెనిచిరో బాణం వేస్తాడు. అతను పెద్ద దెబ్బ ముగించి కత్తి సర్దుకుంటున్నప్పుడే తాగాలి.

రెండు ప్రాణాలు తీశాక పండగ చేసుకోకు. కవచం విప్పి మెరుపుతో వస్తాడు. చాలామంది ఇక్కడ బెదిరిపోతారు కానీ నన్నడిగితే ఇదే సులువైన భాగం. కత్తెత్తి మెరుపుని పిలవగానే నువ్వూ ఎగురు. కాళ్లు నేల మీద లేనప్పుడు మెరుపు తగిలితే, కింద పడేలోపు దాడి బటన్ నొక్కు చాలు, అది తిరిగి అతని మీదకే పోతుంది. ఆ ఒక్కటీ సరిగ్గా పడితే అతను కొయ్యబారి నిలబడిపోతాడు. నేల మీద నిలబడి తిన్నావో, ఇక అంతే.

ఇంకా కుదరకపోతే కోట వదిలి తిరిగి రా. సెన్‌పో గుడి, హిరాతా ఎస్టేట్ ఇప్పటికే తెరుచుకుని ఉంటాయి. జపమాల పూసలు నాలుగు దొరికితే రక్తం, పోస్చర్ రెండూ పెరుగుతాయి. చేతిలోని సెన్ నాణేలని పోరుకి ముందే ఖర్చుపెట్టు, లేదా వ్యాపారి దగ్గర నాణేల సంచులుగా మార్చుకో. కాస్త ఎక్కువ తీసుకుంటాడు గానీ, చచ్చినప్పుడల్లా సగం పోగొట్టుకోవడం కంటే నయం.

వీడియోల్లో అడ్డదారులు చూపిస్తున్నారు, మూలకి లాగి కొట్టడం వగైరా. వాటితో ఈరోజు గెలవచ్చు. ఎక్కువ ముగింపుల్లో ఆఖరి పోరు ఇతనితోనే మొదలై ఇషిన్ అనే ఆఖరి శత్రువుతో ముగుస్తుంది. అప్పుడు ఏ మూలకి లాగుతావ్?

ప్రశ్న: మేడం గారూ, మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. మీరు మెచ్చుకునే ఆ కత్తుల ఆటే ఆడతాడు. ఓడిపోవడానికే డబ్బు పోసి కొన్నట్టుంది. అన్నానికి పిలిస్తే "ఆగమ్మా, ఇప్పుడొస్తే చచ్చిపోతాను" అంటాడు. ఆపించమంటారా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ అబద్ధం సంగతి తేలుద్దాం అమ్మా. సెకిరోలో పాజ్ ఉంది. ఒక్కడే ఆడే ఆట, ఎంత పెద్ద పోరు మధ్యలోనైనా మెనూ తెరిస్తే అంతా ఆగిపోతుంది. పప్పు చల్లారేదాకా కూర్చోవాల్సిన పనేమీ లేదు. ఈ మాట నేను చెప్పానని చెప్పండి, నా మీద కోపగించుకోనివ్వండి.

వయసు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అమెరికా రేటింగ్ ప్రకారం ఇది 17 ఏళ్లు నిండినవారికి, యూరప్‌లో 18. రక్తం చిమ్మడం ఎక్కువ. సెట్టింగ్స్‌లో దాన్ని తగ్గించవచ్చు, పూర్తిగా తీసేయనూ వచ్చు. ఒకరోజు పక్కన కూర్చుని చూసి మీరే నిర్ణయించండి.

ఓడిపోవడం గురించి నా కొలత ఒకటుంది. వాడు చచ్చిన వెంటనే "ఎందుకు పోయావురా?" అని అడగండి. "పోటు వస్తుంటే ఎగిరాను, తొక్కాల్సింది" లాంటి జవాబు వస్తే బుర్ర పనిచేస్తోందని లెక్క, ఆడనివ్వండి. "కంట్రోలర్ దరిద్రంగా ఉంది" అంటే ఆ రాత్రికి కట్టేయించండి. ఆ స్థితిలో ఆడితే ఎవరూ గెలవరు, మీ కంట్రోలర్ కూడా గోడకి తగులుతుంది.

ప్రశ్న: నమస్తే అండీ. నాకు 44. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, రాత్రి అరగంట దొరుకుతుంది. ఈ ఆటలో ఈజీ మోడ్ లేదటగా. మొదలుపెట్టనా, వద్దా?
– డాలస్ నుంచి

జవాబు: లేదండీ. విడుదలైన కొత్తలో దీని మీద పెద్ద గొడవే జరిగింది. ఉంచితే ఆట ఆత్మ పోతుందన్నారు కొందరు. నాకు ప్రాణమైన ఆటే అయినా ఈ వాదన నాకు ఎక్కదు. ఎవరో ఈజీలో ఆడుకుంటే నేను హార్డ్‌లో గెలిచింది తరిగిపోతుందా?

44 అడ్డు కాదు. ప్రతి శత్రువు దెబ్బలకీ ఒక వరస ఉంటుంది, అది పట్టుబడితే వేళ్ల వేగంతో పెద్దగా పని లేదు. అరగంటలో ఒక విగ్రహం (ఆటలో ఆగి సేదతీరే చోటు) నుంచి ఇంకో విగ్రహానికి వెళ్లడమే లక్ష్యం పెట్టుకోండి. టీవీలో గేమ్ మోడ్ తప్పక ఆన్ చేయండి, లేకపోతే మీరు నొక్కిన బటన్ తెర మీదకి ఆలస్యంగా చేరుతుంది, తప్పంతా వయసు మీదకి తోసేసుకుంటారు. 2020 అక్టోబరులో వచ్చిన ఉచిత అప్‌డేట్‌తో ఓడించిన బాస్‌లతో, అంటే జెనిచిరోలాంటి పెద్ద శత్రువులతో, మళ్లీ తలపడవచ్చు, అరగంట ఆటకి అది బాగా సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. సెన్‌పో గుడి కొండ మీద పెద్ద గంట ఒకటి కనిపిస్తుంది. మనవాళ్లకి గుడిగంట చూస్తే చెయ్యి ఆగదు కదా. కొట్టకండి. వస్తువులు ఎక్కువ దొరుకుతాయి నిజమే, శత్రువులు మాత్రం ఇంకా మొండికేస్తారు. ఇప్పటికే కొట్టేసి ఉంటే కంగారు వద్దు, మీ సంచిలో బెల్ డీమన్ అనే వస్తువు చేరి ఉంటుంది. దాన్ని వాడేస్తే ఆ శని వదిలిపోతుంది.