పడకలు చాలనప్పుడు డయాలసిస్ రోగి వంతు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. కరోనా నాటి పడకల కొరతను మేమింకా మరువలేదు. రేపు ఫ్లూ మహమ్మారి వచ్చి టీకాలు, వెంటిలేటర్లు చాలకపోతే, కిడ్నీ రోగి అని ఆయనను చివరికి నెట్టేస్తారా?
– ఒక పాఠకుడు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: టీకాకూ వెంటిలేటరుకూ ఒకే వరుస ఉండదు. టీకా విషయంలో మీ నాన్నగారి జబ్బు ఆయనను ముందుకే తెస్తుంది. కొత్త వైరస్‌ను గుర్తించాక టీకా తయారై రావడానికి ఐదారు నెలలు పడుతుంది కనుక, తొలి విడతలో వచ్చే కొద్దిపాటి మోతాదులను వైద్య సిబ్బందికీ, ఆ వైరస్ వల్ల ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నవారికీ కేటాయిస్తారు. సిబ్బంది అంటే డాక్టర్లే కాదు. డయాలసిస్ టెక్నీషియన్ మంచాన పడితే యంత్రం ఉండీ లేనట్టే. 2009లో హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) వచ్చినప్పుడు అమెరికాలో 65 దాటినవారిని తర్వాతి విడతకు ఉంచి, 25–64 ఏళ్ల దీర్ఘరోగులను తొలి వరుసలో చేర్చారు. ఆ వైరస్ వృద్ధులకంటే చిన్న వయసువారికే ఎక్కువగా సోకడం అందుకు కారణం.

వెంటిలేటరు దగ్గరే మీ భయానికి ఆధారం ఉంది. ఫ్లూ మహమ్మారి కోసం 2006లో కెనడాలోని ఒంటారియో వైద్యులు రూపొందించిన పద్ధతి ‘సోఫా’ అనే, అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో కొలిచే స్కోరుపై నడుస్తుంది. ఊపిరితిత్తులు, రక్తం గడ్డకట్టే శక్తి, కాలేయం, రక్తప్రసరణ, మెదడు, మూత్రపిండాలు – ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేస్తారు. మొత్తం పెరిగేకొద్దీ బతికే అవకాశం తక్కువని లెక్క; వెంటిలేటరు వరుసలో అంత వెనక్కి పోతారు. క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన, రక్తంలోని ఒక వ్యర్థం) 5 దాటితే మూత్రపిండాల కింద నాలుగు మార్కులూ పడతాయి. అంటే డయాలసిస్ రోగికి ఫ్లూ సోకకముందే ఆ నాలుగూ ఖాతాలో ఉండవచ్చు. ఫ్లూ దెబ్బతీసిన కిడ్నీకీ, నాలుగేళ్లుగా యంత్రంతో నెట్టుకొస్తున్న కిడ్నీకీ ఈ కొలత తేడా చూడదు. ఊరూరా కిడ్నీ జబ్బున్న మీ ఉద్దానం ప్రాంతంలో దీన్ని ఉన్నదున్నట్టు వాడితే ఒక ప్రాంతమంతా వెనుక వరుసలోకి పోతుంది. పాత జబ్బు తాలూకు మార్కులను తీసివేసి, ఫ్లూ వల్ల పెరిగిన వాటినే లెక్కించడం న్యాయమని నా అభిప్రాయం.

‘ముందు వచ్చినవారికి ముందు’ అన్న పద్ధతి పైకి న్యాయంగానే కనిపిస్తుంది గానీ, జిల్లా కేంద్రానికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మీకు అది అన్యాయమే. చికిత్స చేసే డాక్టరు కాక వేరే బృందం నిర్ణయించడం, అవకాశాలు సమానమైతే చీటీలు తీయడం అంతకంటే మేలు.

ఇక మీ చేతిలో ఉన్నవి: కిడ్నీ డాక్టరును అడిగి ఏటా ఫ్లూ టీకా వేయించండి. జ్వరం వస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. డయాలసిస్ రోగికి దాని మోతాదు తగ్గించాలి కనుక ఆ సంగతి ముందే చెప్పండి. ఆయన మామూలు క్రియాటినిన్ ఎంతో, తన పనులు తానే చేసుకుంటున్నారో లేదో కిడ్నీ డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించి, డయాలసిస్ ఫైలులో పైనే పెట్టుకోండి.