కొత్త ఆవుకే జ్వరమెందుకు? తప్పు దుప్పులదేనా?

ప్రశ్న: మాది అమ్రాబాద్ మండలంలో అడవి అంచు ఊరు. నెల కింద అంగడిలో జెర్సీ సంకర ఆవును కొన్నాం. వారం నుంచి జ్వరం. మేత ముట్టట్లేదు, పాలు సగానికి పడిపోయాయి, పేడ గట్టిగా వేస్తోంది. సూది వేయిస్తే ఒకరోజు తగ్గి మళ్లీ వచ్చింది. ఒంటి నిండా గోమార్లు (పిడుదులు). అదే కొట్టంలో ఉన్న మా నాటు జాతి పొడ తూర్పు ఆవులకు ఏమీ కాలేదు. దుప్పులు తిరిగే చోట మేపినందుకే వచ్చిందంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

సలహా: లక్షణాలను బట్టి అనాప్లాస్మోసిస్ అని అనుమానించాలి. గోమార్లు అంటించే ఈ బ్యాక్టీరియా ఎర్ర రక్తకణాల్లో పెరిగి పశువును రక్తహీనతలోకి నెడుతుంది. కింది కనురెప్పను లాగి చూడండి. లోపలి పొర తెల్లగానో పసుపుగానో ఉంటే ఆలస్యం చేయొద్దు. అలాగని ఆవును ఆసుపత్రికి నడిపించుకుపోవద్దు, రక్తం తగ్గిన పశువు దారిలోనే కూలిపోవచ్చు. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి డాక్టర్‌నే ఇంటికి పిలిపించండి.

మూత్రం కాఫీ రంగులో వస్తే బాబేసియా, భుజం ముందు గ్రంథి ఉబ్బితే థైలేరియా కావచ్చు. అవీ గోమార్ల జబ్బులే గానీ మందులు వేరు. చెవి నుంచి రక్తపు చుక్క తీసి స్లైడు మీద చూస్తే తేలిపోతుంది. అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ బాగా పనిచేస్తుంది. మోతాదు పశువు బరువును బట్టి డాక్టరే వేయాలి. వట్టి జ్వరం సూదితో వేడి తగ్గుతుందే తప్ప జబ్బు పోదు. మందు వాడినన్నాళ్లు, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన గడువు వరకు పాలు అమ్మొద్దు.

ఇక దుప్పుల సంగతి. అడవి జంతువుల్లోనూ ఈ తరహా సూక్ష్మజీవులు ఉంటాయి. హయలోమా రకం గోమారి ఒక జంతువు మీద రక్తం తాగి రాలి, తర్వాత మరోదాన్ని ఎక్కుతుంది కాబట్టి ఆ దారి లేకపోలేదు. కానీ మన పశువుల మీద ఎక్కువగా కనిపించే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ రకం గోమారి పిల్ల దశ నుంచి పెద్దయ్యేదాకా ఒకే ఆవు మీద గడుపుతుంది. ఆముదం గింజంత ఉబ్బిన ఆడది రాలి, గోడ పగుళ్లలో రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. అనాప్లాస్మా మాత్రం గుడ్ల ద్వారా పిల్లలకు దాటదు. మరి జబ్బు అంటించేది ఎవరు? పక్క ఆవు మీంచి పాకి వచ్చే మగ గోమారి, జోరీగ, ఉడికించకుండా అన్ని పశువులకూ వాడే సూది.

నా అనుమానం మీ తూర్పు ఆవుల మీదే. దూడప్రాయంలోనే ఈ జబ్బు సోకితే తేలిగ్గా పోతుంది, తర్వాత బ్యాక్టీరియా ఒంట్లో ఉన్నా పశువు ఆరోగ్యంగానే ఉంటుంది. గోమార్లు తక్కువున్న చోట పెరిగి, వయసొచ్చాక ఇక్కడికి వచ్చిన ఆవుకు ఆ రక్షణ ఉండదు. సోకాక మూడు నాలుగు వారాలకు జ్వరం వస్తుంది. మీ లెక్కా అదే కదా!

గోమార్లను చంపే డెల్టామెత్రిన్ (1.25 శాతం) మందును లీటరు నీటికి 2 మి.లీ. కలిపి, ముందుగా నీళ్లు తాగించి, అన్ని పశువులకూ ఒకే రోజు కొట్టండి. చెవుల లోపలి అంచులు, తోక కింద, పొదుగు పక్కలు మరువొద్దు. నీరసంగా ఉన్న ఈ ఆవుకు డాక్టర్ చెప్పాకే కొట్టండి. పశువులను బయట కట్టేసి గోడలకూ కొట్టి, పగుళ్లు పూడ్చి సున్నం వేయండి. మూడు వారాలకు మళ్లీ కొట్టండి. కొట్టం వదిలేసి ఒంటికే మందు కొడితే పైసలు దండగ. ఈసారి కొనే ఆవుకు ముందే రక్తపరీక్ష చేయించండి.